భూమి ఒకరిది, పంట పదిమందిది: జావా వరి గ్రామంలో ఆస్తి హక్కులు, జీవనం, సంస్కృతి

సారాంశం

ఇండోనేషియాలోని జావా ద్వీపపు వరి గ్రామాలలో ఒక కుటుంబం జీవనాధారం దానికి గల భూవిస్తీర్ణంపై మాత్రమే ఆధారపడదు. పాలుకు సాగు చేసే హక్కు, పదవి వెంట వచ్చే మాన్యాన్ని అనుభవించే హక్కు, పొరుగువారి చేలో కోత కోసి ధాన్యపు వాటా పొందే హక్కు వంటివి ఒకే మడిపై ఒకదానిపై ఒకటి పేర్చినట్లు నిలిచి ఉంటాయి. 1960ల తరువాత వచ్చిన నూతన వంగడాలు, పనిముట్లు దిగుబడిని పెంచడంతో పాటు ఈ హక్కుల అమరికను కూడా మార్చివేశాయి. ఆ మార్పు వలన ఎక్కువగా నష్టపోయినవారు భూమిలేని కుటుంబాల స్త్రీలు. ఏ సాంకేతికతనైనా సిఫారసు చేయడానికి ముందు ఆ పొలంపై ఎవరెవరికి ఏయే హక్కులు ఉన్నాయో తెలుసుకోవలసిన ఆవశ్యకతను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: జావా, వరి సాగు, భూమి హక్కులు, కోత వాటా, గ్రామీణ స్త్రీలు, వ్యవసాయ విస్తరణ

పరిచయం

ఇండోనేషియా భూభాగంలో సుమారు 7 శాతం మాత్రమే గల జావా ద్వీపంలో, 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశ ప్రజలలో సగం కంటె ఎక్కువమంది, అనగా 15 కోట్లకు పైగా నివసిస్తున్నారు. అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడిన సారవంతమైన నేలలు, సమృద్ధియైన వర్షపాతం, శతాబ్దాలుగా నిర్మించుకున్న కాలువలు ఇంతటి జనసాంద్రతను సాధ్యం చేశాయి. అయితే తరతరాల విభజనతో కమతాలు క్షీణించాయి. ఇండోనేషియాలో అర హెక్టారు కంటె తక్కువ భూమి గల వ్యవసాయ కుటుంబాలు 2013 వ్యవసాయ గణనలో సుమారు 1.42 కోట్లు ఉండగా, 2023 నాటికి సుమారు 1.69 కోట్లకు చేరాయి.

జావా గ్రామంతో తెలుగు డెల్టా రైతుకు ఒక జన్యు సంబంధం కూడా ఉన్నది. 1966లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐ.ఆర్.8 వంగడానికి తల్లిదండ్రులలో ఒకటి ఇండోనేషియాకు చెందిన పొడుగు రకం ‘పేట’, రెండవది తైవాన్‌కు చెందిన పొట్టి రకం డీ-జియో-వూ-జెన్. గోదావరి మండలాలలో వరి సాగు రూపురేఖలను మార్చిన ఆ వంగడమే జావాలో ‘పి.బి.8’ అనే పేరుతో ప్రవేశించినది. విత్తనం ఒకటే అయినా, అది ప్రవేశించిన సమాజపు హక్కుల అమరికను బట్టి ఫలితాలు పంపిణీ అవుతాయనడానికి జావా అనుభవం చక్కని పాఠం.

గ్రామ స్వరూపం: మాగాణి, మెట్ట, పెరడు

జావా భాషలో గ్రామాన్ని ‘దేశ’ అంటారు. ఇది సంస్కృతం నుండి వెళ్ళిన పదమే. ఒక్కొక్క గ్రామంలో కొన్ని పల్లెలు ఉంటాయి. పల్లెలోని ఇళ్ళు చెట్ల గుబురులో దాగి, చుట్టూ పచ్చని మళ్ళ మధ్య దీవుల వలె కనిపిస్తాయి. రైతు భూమిని మూడు విధాలుగా గుర్తిస్తాడు. నీటి వసతి గల మాగాణి ‘సవాహ్’, వర్షాధారపు మెట్ట ‘తెగల్’, ఇంటి చుట్టూ ఉండే పెరటి తోట ‘పెకరంగన్’.

పెకరంగన్ సస్య శాస్త్రజ్ఞులు ప్రత్యేకంగా పరిశీలించదగిన వ్యవస్థ. పైఅంతస్తులో కొబ్బరి, దాని క్రింద పనస, తరువాత అరటి, బొప్పాయి, ఆ క్రింద కర్రపెండలం, నేలబారుగా చేమ, పసుపు, అల్లం పెరుగుతాయి. కోళ్ళు, మేకలు కూడా ఇందులో భాగమే. దీనిని ప్రజలు ‘జీవమున్న అంగడి’ అనీ, ‘జీవమున్న మందుల షాపు’ అనీ వ్యవహరిస్తారు. మాగాణి లేని కుటుంబానికి సంవత్సరం పొడవునా ఎంతో కొంత కూర, పండు, చేతి ఖర్చుకు డబ్బు అందించేది ఈ పెరడే. కనుక పెరడు సైతం లేక ఇతరుల స్థలంలో ఇల్లు కట్టుకొని ఉండే కుటుంబం గ్రామంలో అన్నిటికంటె అట్టడుగున ఉంటుంది.

భూమి హక్కుల చారిత్రక నేపథ్యం

మొదట అడవి నరికి గ్రామాన్ని స్థాపించినవారి వంశీకులు, మాగాణిలో వాటా గలవారు గ్రామంలో మూలవాసులుగా గౌరవం పొందేవారు. వారి తరువాతి స్థానం ఇల్లు, పెరడు మాత్రమే గలవారిది. చివరి స్థానం ఇతరుల ఇంట ఆశ్రయం పొందినవారిది. భూమిలో వాటాతో పాటు రాజుకు, తరువాత డచ్చి ప్రభుత్వానికి చేయవలసిన వెట్టి భారం కూడా మొదటి వర్గంపైనే ఉండేది.

1830లో గవర్నర్ జనరల్ యోహాన్నెస్ వాన్ డెన్ బోష్ ప్రవేశపెట్టిన నిర్బంధ సాగు విధానం ప్రకారం, గ్రామ భూమిలో సూత్రరీత్యా ఐదవ వంతును చెరకు, నీలిమందు వంటి ఎగుమతి పంటలకు కేటాయించవలసి వచ్చినది. వెట్టి భారం భూమితో ముడిపడి ఉండుటచే, ఆ భారాన్ని ఎక్కువమందికి పంచడం కోసం అనేక ప్రాంతాలలో భూమినే వాటాలుగా పంచి, సామూహిక స్వామ్యాన్ని బలపరిచారు. 1870 నాటి భూచట్టం ప్రైవేటు కంపెనీలకు దీర్ఘకాలిక కౌలు అవకాశం కల్పించినది. ఒకే మాగాణిలో వరి, చెరకు వంతులవారీగా సాగాయి.

స్వాతంత్ర్యానంతరం 1960 సెప్టెంబరు 24న వెలువడిన మౌలిక భూచట్టం వలసపాలన నాటి ద్వంద్వ చట్టాలను తొలగించి, భూమిపై గల ప్రతి హక్కుకూ సామాజిక బాధ్యత ఉన్నదని ప్రకటించినది. నేటికీ ఆ తేదీని రైతు దినంగా పాటిస్తున్నారు. అదే సంవత్సరపు భూసంస్కరణ చట్టం అధిక జనసాంద్రత గల ప్రాంతాలలో మాగాణికి 5 హెక్టార్ల పరిమితి విధించినది. తాకట్టులో 7 సంవత్సరాలు దాటిన భూమిని సొమ్ము చెల్లించకుండానే అసలు యజమానికి తిరిగి అప్పగించాలని కూడా అందులో ఉన్నది. అమలు మాత్రం పాక్షికంగానే జరిగినది. 1965-66 నాటి హింసాకాండ తరువాత భూసంస్కరణను కోరడమే ప్రమాదకరంగా మారినది.

గ్రామ అధికారులకు జీతానికి బదులుగా ఇచ్చే మాగాణిని ‘బెంకొక్’ అంటారు. పూర్వం తెలుగు గ్రామాలలో కరణం, మునసబులకు ఉన్న సర్వీసు మాన్యాలతో దీనిని పోల్చవచ్చును. ఈ భూమి వ్యక్తిది కాదు, పదవిది. దానిని అమ్మరాదు, వారసులకు ఇవ్వరాదు. కాని పాలుకు, కౌలుకు ఇవ్వవచ్చును. గ్రామాధికారి, కార్యదర్శి మొదలుకొని నీటి పంపకం చూసే ‘ఉలు-ఉలు’, అనగా నీరటి వరకు పదవిని బట్టి దీని విస్తీర్ణం ఉంటుంది. 2014 నాటి గ్రామ చట్టం ప్రకారం అధికారులకు నగదు భృతి లభిస్తున్నప్పటికీ, అనేక గ్రామాలలో బెంకొక్ కొనసాగుతున్నది. సాధారణ రైతు కమతం కంటె ఇది పెద్దది కావడం వలన, గ్రామంలో కూలి పని, పాలు సాగు ఎవరికి దక్కాలో నిర్ణయించే శక్తి అధికారుల చేతిలో ఉంటుంది.

వారసత్వం, దంపతుల ఆస్తి

జావా బంధుత్వం తల్లి, తండ్రి వైపులను సమానంగా గణిస్తుంది. వారసత్వంలో రెండు ఆచారాలు వ్యాప్తిలో ఉన్నాయి. మొదటిది కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటా. రెండవది ‘సెపికుల్ సెగెండొంగాన్’. పురుషుడు కావడిపై రెండు తట్టలు మోస్తాడు, స్త్రీ నడుమున గుడ్డలో ఒక తట్ట మోస్తుంది. అందుచేత కొడుకుకు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. ఇస్లామీయ ధర్మశాస్త్రపు నిష్పత్తి కూడా ఇదే అయినా, ఆచరణలో కుటుంబాలు చర్చించుకొని సమానంగా పంచుకోవడం సర్వసాధారణం. తల్లిదండ్రులను చివరివరకు చూసుకున్న సంతానానికి, తరచుగా కనిష్ఠులకు, ఇల్లు దక్కుతుంది.

వివాహానికి ముందు ఎవరి భూమి వారిది. వివాహానంతరం ఇద్దరూ కలిసి ఆర్జించినది ‘గొనో-గిని’, అనగా ఉమ్మడి ఆస్తి. విడాకులు జరిగినప్పుడు దీనిని పంచుకుంటారు. 1974 నాటి వివాహ చట్టం కూడా వివాహకాలపు ఆర్జనను ఉమ్మడి ఆస్తిగానే గుర్తించినది. ఇంటి డబ్బు పెట్టె భార్య చేతిలో ఉండడం, సంతలో ధాన్యం, కూరగాయల బేరం స్త్రీలే నడపడం జావాలో సహజ దృశ్యాలు. అయితే భూమి గల ఇంటి స్త్రీకి ఉన్న స్వాతంత్ర్యం, భూమిలేని ఇంటి స్త్రీకి ఉన్న స్వాతంత్ర్యం ఒకటి కావని మరువరాదు. మొదటి ఆమెకు అది పెట్టుబడి. రెండవ ఆమెకు పూటకు పూట పని వెదుక్కునే అవసరం.

సాగు ఒప్పందాలు

భూమి ఉన్నవాడే సాగు చేయాలన్న నియమం లేనందున పలు విధాల ఒప్పందాలు ఏర్పడ్డాయి.

1. మారో: సగపాలు. సారవంతమైన మాగాణిలో తరచుగా కనిపించేది.
2. మెర్తెలు: మూడు పాళ్ళ పద్ధతి. ఖర్చులు ఎవరు భరిస్తారు, భూమి నాణ్యత ఏమిటి అన్న విషయాలను బట్టి ఎవరికి రెండు పాళ్ళో నిర్ణయమవుతుంది.
3. సెవా: ముందుగా నగదు చెల్లించే కౌలు.
4. గదై: తాకట్టు. అప్పు తీరేవరకు భూమిని అప్పిచ్చినవాడు అనుభవిస్తాడు. యజమాని తన భూమిలోనే పాలికాపుగా పని చేయడం కూడా కద్దు.
5. గదుహన్: పశువును పాలుకు మేపడం. పుట్టిన దూడను లేక పెరిగిన విలువను పంచుకుంటారు.

1960 నాటి పాలు సాగు చట్టం ఒప్పందాన్ని గ్రామాధికారి ఎదుట వ్రాతపూర్వకంగా చేయాలనీ, మాగాణికి కనీసం 3 సంవత్సరాలు, మెట్టకు 5 సంవత్సరాలు గడువు ఉండాలనీ నిర్దేశించినది. అయినప్పటికీ నోటిమాట ఒప్పందాలే అధికం. పాలుదారుడు సాధారణంగా బంధువో, పొరుగువాడో కావడం వలన కాగితం అడగడం అవిశ్వాసానికి గుర్తుగా భావింపబడుతుంది.

పంటతో ముడిపడిన సంస్కృతి

ధాన్యదేవత దేవి శ్రీ. జావా గ్రామీణులలో అత్యధికులు ముస్లింలే అయినా, వరిని దేవి శ్రీ రూపంగా మన్నించే ఆచారం నిలిచినది. సంప్రదాయ గృహంలో వెనుక వరుసన ఉండే మూడు గదులలో నడిమి గది ఆమెకు చెందినదిగా భావించేవారు. కోతకు ముందు పొలం గట్టున జరిపే ‘వివితన్’, కుటుంబ శుభాశుభాలలో ఇరుగుపొరుగును పిలిచి ప్రార్థనతో అన్నం పంచే ‘స్లామెతన్’, కోతల అనంతరం గ్రామమంతా జరుపుకొనే ‘బెర్సిహ్ దేశ’ ముఖ్యమైనవి. రామాయణ, మహాభారత కథలతో రాత్రంతా సాగే తోలుబొమ్మలాట ‘వాయాంగ్’ ఈ ఉత్సవాలకు అలంకారం.

సేద్యపు కాలగణనకు ‘ప్రణత మంగ్స’ అనే సౌర పంచాంగం ఉన్నది. జూన్ 22న మొదలయ్యే ఈ సంవత్సరాన్ని 23 నుండి 43 రోజుల వరకు అసమానమైన 12 భాగాలుగా విభజించారు. చివరి రెండు భాగాల పేర్లు ‘దెస్త’, ‘సద’ అనేవి జ్యేష్ఠ, ఆషాఢ శబ్దాల రూపాంతరాలు. తెలుగు రైతు కార్తెలను బట్టి విత్తనాలు చల్లినట్లే, జావా రైతు ఆకు రాలడం, పురుగుల కూత, గాలి దిశ వంటి గుర్తులను ఈ భాగాలతో జోడించి పనులు నిర్ణయించేవాడు. ఏడు రోజుల వారంతో పాటు ఐదు రోజుల సంత వారం కూడా నడుస్తుంది. ఈ రెండు కలిసి 35 రోజులకు ఒకసారి వచ్చే ఆవృత్తిని బట్టి అనేక సమావేశాలు జరుగుతాయి.

పరస్పర సహాయం ఇక్కడ లెక్కతో కూడినది. ఇల్లు కట్టుకునేవానికి ఇరుగుపొరుగు చేసే శ్రమసాయం, విందు వంటలో స్త్రీల తోడ్పాటు, పెళ్ళిలో ఇచ్చే చదివింపులు, స్త్రీలు నడిపే చీటీలు అన్నీ తిరిగి తీర్చవలసిన బాకీలే. 1945 జూన్ 1 నాటి ప్రసంగంలో సుకర్ణో పరస్పర సహాయ భావనను, అనగా ‘గొతోంగ్ రొయోంగ్’ను, జాతీయ సిద్ధాంత సారంగా పేర్కొన్నాడు. తరువాతి ప్రభుత్వాలు రోడ్లు, కాలువల పనులకు ఉచిత శ్రమను సమీకరించడానికి కూడా అదే మాటను వాడుకున్నాయి. అప్పుడు భారం ఎక్కువగా పేదలపై పడినది.

కోత హక్కు: ఒక ఆచారం సడలిన క్రమం

పైన వివరించిన ఆస్తి, సంస్కృతులు రెండూ కలిసే చోటు వరి కోత. పూర్వం స్త్రీలు ‘అని-అని’ అనే చిన్న కత్తిని అరచేతిలో ఇముడ్చుకొని ఒక్కొక్క వెన్నునే కోసేవారు. దేవి శ్రీ బెదరకుండా కత్తి కనపడరాదన్నది నమ్మకం. ఆ పద్ధతికి సస్య శాస్త్ర కారణం కూడా ఉన్నది. పొడుగాటి స్థానిక రకాలు ఒకేసారి పండేవి కావు. గింజ సులభంగా రాలదు కనుక వెన్నులను కట్టలుగా కట్టి గాదెలో నిల్వ చేసేవారు.

కోతకు వచ్చిన ప్రతి స్త్రీకి తాను కోసినదానిలో వాటా ఉండేది. దీని పేరు ‘బావొన్’. వాటా ప్రాంతాన్ని బట్టి, బంధుత్వాన్ని బట్టి మారేది; దగ్గరివారికి ఎక్కువ, బయటివారికి తక్కువ. కోతకు వచ్చినవారిని పొమ్మనడం మర్యాద కాదు. ఆ విధంగా చేను ఒకరిదైనా, పంట పదిమందిదిగా ఉండేది. 1963లో క్లిఫర్డ్ గీర్ట్జ్ తన ‘అగ్రికల్చరల్ ఇన్‌వల్యూషన్’ గ్రంథంలో ఇటువంటి పద్ధతులను పేదరికాన్ని పంచుకోవడంగా వర్ణించాడు. భూమి గలవారికి, లేనివారికి మధ్య అంతరాలు జావాలో ఏనాడూ ఉన్నాయనీ, గీర్ట్జ్ వాటిని తక్కువ చేసి చూపాడనీ తరువాతి పరిశోధకులు విమర్శించారు.

1960ల చివర పొట్టి వంగడాలు రావడంతో పరిస్థితి మారినది. అవి ఒకేసారి పండుతాయి; గింజ త్వరగా రాలుతుంది; కట్టలు కట్టడానికి అనుకూలం కావు. కొడవలి కోత, పొలంలోనే నూర్పిడి వాటికి తగిన పద్ధతులు. కొడవలితో తక్కువమంది చాలు. ఆ పని ఎక్కువగా పురుషుల చేతికి పోయినది. 1970లలో విలియం కొలియర్, గునావన్ విరాది తదితరులు ఈ మార్పును నమోదు చేశారు. నిలువు పైరును వ్యాపారి గుత్తగా కొని, తన కూలీల జట్టుతో కోయించుకునే ‘తెబాసన్’ పద్ధతి వ్యాపించినది. రైతు తన పొరుగువారిని కాదనలేడు. బయటి వ్యాపారి కాదనగలడు. అనగా, మొగమాటం లేకుండా ఆచారాన్ని తప్పుకోవడానికి రైతుకు తెబాసన్ ఒక దారి చూపినది.

మరికొన్ని గ్రామాలలో ‘కెదోకన్’ వ్యాపించినది. దీనిలో కూలీ నాట్లు, కలుపు తీత పనులు కూలి లేకుండా చేస్తే, ఆ మడిలో కోత వాటా దక్కుతుంది. పశ్చిమ జావాలోని సుబాంగ్ ప్రాంతపు గ్రామాలను అధ్యయనం చేసిన యుజిరో హయామి, మసావొ కికుచి చేసిన పరిశీలన ఇక్కడ ముఖ్యమైనది. పైకి ఆచారపు వాటా మారలేదు. కాని అదే వాటాకు ఎక్కువ పని చేయవలసి రావడం వలన అసలు కూలి తగ్గినది.

ఇదే దశకంలో చిన్న రైసు మిల్లులు వేగంగా వ్యాపించాయి. రోలు, రోకళ్ళతో ధాన్యం దంచి కూలి బియ్యం సంపాదించుకునే భూమిలేని స్త్రీలకు ఆ పని పోయినది. మిల్లు వలన శ్రమ తగ్గినదన్నది నిజమే. అయితే తగ్గిన శ్రమ ఒకరిది, ఆదా అయిన ఖర్చు మరొకరిది. ఇండోనేషియా గ్రామీణ సమాజ శాస్త్రవేత్త సజోగ్యో 1973లో ఈ పరిణామాన్ని అభివృద్ధి లేని ఆధునికీకరణగా అభివర్ణించాడు.

లెక్కలో చూసినచో

ఒక ఊహాజనిత ఉదాహరణ విద్యార్థులకు విషయాన్ని స్పష్టం చేస్తుంది. 0.35 హెక్టారు మాగాణిని మారో పద్ధతిలో పాలుకు ఇచ్చారనుకొనండి. హెక్టారుకు 6 టన్నుల చొప్పున దిగుబడి 21 క్వింటాళ్ళు. కోత వాటా ఏడవ వంతు, అనగా 3 క్వింటాళ్ళు. కోసినవారు 10 మంది అయితే ఒక్కొక్కరికి 30 కిలోలు. మిగిలిన 18 క్వింటాళ్ళలో యజమానికి 9, పాలుదారునికి 9.

ఒక నూతన సిఫారసు దిగుబడిని 10 శాతం పెంచితే యజమానికి, పాలుదారునికి చెరి 90 కిలోలు, కోసిన ఒక్కొక్కరికి 3 కిలోలు అదనంగా వస్తాయి. ఆ సిఫారసు ఖర్చంతా పాలుదారుడే భరించవలసి వస్తే, పెరిగిన పంటలో సగమైనా అతనికి దక్కదు కనుక అతడు వెనుకాడుతాడు. దానిని అజ్ఞానంగా భావించడం పొరపాటు. అదే చేనులో కోత యంత్రం దిగితే ఆ 3 క్వింటాళ్ళు పది ఇళ్ళ నుండి తొలగిపోయి, యంత్రపు అద్దెగాను, భూస్వామి, పాలుదారుల మిగులుగాను మారుతాయి. గణాంకాలలో దిగుబడి మారదు. పది ఇళ్ళ గాదెలు మారుతాయి.

సుడిదోమ నుండి పొలంబడి వరకు

జావా అనుభవంలో విస్తరణ రంగానికి ఆశాజనకమైన అధ్యాయం కూడా ఉన్నది. 1960ల మధ్య ప్రారంభమైన ‘బిమాస్’ కార్యక్రమం అప్పు, ఎరువు, పురుగుమందు, సలహాలను ఒకే మూటగా అందించినది. దీనికి బీజం 1963-64లో బోగోర్ వ్యవసాయ విద్యార్థులు కరవాంగ్ గ్రామాలలో రైతులతో కలిసి నివసించి నిర్వహించిన ప్రయోగం. దేశమంతటా విస్తరించేసరికి ఆ సాన్నిహిత్యం పోయి, పై నుండి వచ్చే లక్ష్యాలు, ఆదేశాలు మిగిలాయి. రాయితీపై లభించిన పురుగుమందుల విచ్చలవిడి వాడకంతో మిత్ర పురుగులు నశించి, 1970లలో సుడిదోమ విజృంభించినది. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించిన కొద్దికాలానికే ఆ బెడద మళ్ళీ తలెత్తినది.

1986లో దేశాధ్యక్షుని ఉత్తర్వు 57 పురుగుమందులను వరిపై వాడరాదని నిషేధించినది. 1989 నుండి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో రైతు క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. సుమారు 25 మంది రైతులు పంటకాలమంతా వారానికి ఒకసారి చేలో కలుసుకొని, మొక్కను, పురుగులను, నీటిని పరిశీలించి, కాగితంపై బొమ్మ గీసి, చర్చించి నిర్ణయం తీసుకోవడం దీని పద్ధతి. తరువాత ఇదే విధానం ఆంధ్రప్రదేశ్‌లో ‘పొలంబడి’గా రైతులకు సుపరిచితమైనది. జావా మాగాణిలో రూపుదిద్దుకున్న బోధనా పద్ధతి తెలుగు చేలకు చేరిన మార్గం ఇది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. సర్వే నంబరుకు పట్టాదారు ఎవరో తెలుసుకోవడంతో ఆగక, పాలుదారు, తాకట్టుదారు, కోత వాటాదారు, నీటి నిర్వాహకుడు ఎవరో కూడా నమోదు చేయాలి.

2. వెద సాగు, నాటు యంత్రం, కోత యంత్రం వంటివి ఏ పనిని తొలగిస్తాయో, ఆ పనితో ఏ హక్కు ముడిపడి ఉన్నదో ముందుగా పరిశీలించాలి. కెదోకన్ గల గ్రామంలో నాటు పని పోతే కూలితో పాటు కోత వాటా హక్కు కూడా పోతుంది.

3. యంత్రాలను వ్యక్తులకు బదులు కోత కూలీల సంఘాలకు అందించే అవకాశాన్ని పరిశీలించాలి. అప్పుడు యంత్రపు అద్దెలో కొంత భాగమైనా పాత వాటాదారులకు చేరుతుంది.

4. జావా సమాజం సామరస్యానికి, పెద్దల పట్ల మర్యాదకు పెద్దపీట వేస్తుంది. సభలో ‘ఇంగిః’, అనగా ‘చిత్తం’ అన్న మాట ఎల్లప్పుడూ అంగీకారం కాదు. భూమిలేనివారితో, స్త్రీలతో వేరుగా మాట్లాడాలి.

5. సమావేశాలను గ్రామపు సొంత కాలగణనకు, చీటీల రోజులకు అనుగుణంగా అమర్చుకోవాలి.

ముగింపు

జావా వరి గ్రామాన్ని కేవలం సామరస్యపు నిలయంగా గాని, కేవలం దోపిడీ క్షేత్రంగా గాని చూడడం సరికాదు. అక్కడి ఆచారాలు పేదలకు పంటలో చోటు కల్పించాయి. ఆ చోటును భూమి గలవారి అవసరాన్ని బట్టి కుదించాయి కూడా. నేడు యువకులు నగరాలకు వలస పోతున్నందున యంత్రాల రాక అనివార్యం. అయితే ఏ యంత్రమూ ఖాళీ పొలంలో దిగదు. అది దిగే మడిలో ఎవరి వాటా ఉన్నదో తెలిసిన శాస్త్రవేత్త మాత్రమే, దిగుబడితో పాటు ఆ వాటా ఎటు పోతున్నదో కూడా లెక్కించగలడు.

అభ్యాస ప్రశ్నలు

1. బావొన్, కెదోకన్ పద్ధతుల మధ్య గల భేదమేమి? రెండింటిలో కూలీ శ్రమకు లభించే ప్రతిఫలాన్ని పోల్చుము.

2. పొట్టి వంగడాల ఏ లక్షణాలు అని-అని స్థానంలో కొడవలిని తెచ్చాయి?

3. పై ఉదాహరణలో పాలుదారుడు అదనపు ఖర్చంతా తానే భరించినచో, ఆ ఖర్చు ఎన్ని కిలోల ధాన్యపు విలువకు లోబడి ఉంటే అతనికి లాభసాటి?

4. మీ పరిసర గ్రామంలో ఒక వరి మడిని ఎంచుకొని, దానిపై హక్కు గలవారందరి జాబితాను తయారుచేయుము.